నిద్రలో జారిపోయిన మాటలు: ఒక గ్రిన్2ఎ జన్యువు కేస్ స్టడీ

బాబు వయసు ఆరేళ్ళ నాలుగు నెలలు, బరువు 19 కిలోలు. ప్రకాశం జిల్లాలోని ఒక పల్లె నుంచి అమ్మ, నాన్న, నాన్నమ్మ ముగ్గురూ కలిసి తీసుకొచ్చారు. చేతిలో ఉన్న చీటీలో రాసింది ఇంతే: ఫిట్స్ అదుపులో ఉన్నాయి, మాట తగ్గింది, చెవి పరీక్ష నార్మల్.

నేను పిల్లల నరాల డాక్టర్ని. బాబు ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చి, తల్లిదండ్రుల అనుమతితో ఇది రాస్తున్నాను. వాళ్ళ నాన్నమ్మ పిలిచినట్టే నేనూ ఇక్కడ వాణ్ణి చిన్నోడు అంటాను.

ఆ రోజు చిన్నోడు నా గదిలో ఉన్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. బల్ల మీదున్న బొమ్మ లారీ తీసుకుని కిటికీ దగ్గర ఆడుకున్నాడు. వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను, పలకలేదు. అమ్మ పిలిచినా పలకలేదు. కింద రోడ్డు మీద ఒక బుల్లెట్ బండి చప్పుడు చేస్తూ పోతే మాత్రం గబుక్కున తల తిప్పి చూశాడు. నాకు ఆ క్షణంలోనే అనుమానం మొదలైంది. చెవికి శబ్దం చేరుతోంది, మాట మాత్రం చేరడం లేదు.

అమ్మ చెప్పిన కథ ఇది. చిన్నోడికి మాటలు కొంచెం ఆలస్యంగా వచ్చాయి. మొదటి మాట 20 నెలలకి, చిన్న చిన్న వాక్యాలు మూడేళ్ళు దాటాక. మాట కాస్త ముద్దగా ఉండేది, ర పలికేవాడు కాదు. అయినా వాగుడుకాయే. ఐదేళ్ళప్పుడు ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి నిద్రలో గురగురమని చప్పుడు చేశాడు. లేచి చూస్తే నోరు కుడివైపుకి లాగేస్తోంది, చొంగ కారుతోంది, కళ్ళు తెరిచి అమ్మనే చూస్తున్నాడు గానీ మాట రావడం లేదు. రెండు నిమిషాలకి తగ్గింది. నెల తిరక్కముందే మళ్ళీ అలాగే వచ్చింది. దగ్గర్లోని డాక్టరు పగటిపూట అరగంట ఈఈజీ, అంటే మెదడులోని కరెంటు అలల్ని గీసే పరీక్ష, తీయించి, నడినెత్తి పక్కన, కణత దగ్గర స్పైక్స్ (సూదిమొనల్లాంటి కరెంటు అలలు) ఉన్నాయని చెప్పి ఆక్స్‌కార్బజెపైన్ రాశారు. ఫిట్స్ ఆగిపోయాయి.

ఆ తర్వాత ఐదారు నెలలకి టీవీ సౌండ్ పెంచడం మొదలుపెట్టాడు. పిలిస్తే రాడు. చెప్పిన పని చెయ్యడు, చెయ్యలేదని అరిస్తే ఏడ్చి చేతిలో ఉన్నది విసిరేస్తాడు. బడిలో టీచరు మొండితనం అన్నారు. చెవుల డాక్టరు బెరా పరీక్ష చేసి వినికిడి బాగుందన్నారు. ఇంకొకరు ఆటిజం ఏమో అన్నారు. ఈలోగా వాక్యాలు కురచబడ్డాయి. "అమ్మా, నాకు నీళ్ళు కావాలి" అనేవాడు "అమ్మ నీళ్ళు" దగ్గర ఆగాడు. నా దగ్గరకొచ్చే నాటికి "నీ" అంటూ వేలు చూపించేవాడు.

ముందు చూసిన డాక్టరు తప్పు చేశారని నేను అనను. నిద్రలో మొహం ఒకవైపుకి లాగే ఫిట్స్, అక్కడే స్పైక్స్, ఐదేళ్ళ వయసు: ఇవి చూస్తే ఎవరికైనా మొదట తట్టేది రొలాండిక్ ఎపిలెప్సీయే. అది చాలామంది పిల్లల్లో పదిహేను, పదహారేళ్ళకల్లా దానంతటదే పోతుంది. ఆక్స్‌కార్బజెపైన్ కూడా ఎక్కువగా రాసే మందే. కాకపోతే ఈ రకం మూర్ఛ ఉన్న కొందరు పిల్లల్లో ఆ మందు, దాని అన్న కార్బమజెపైన్, ఫిట్స్ ఆపుతూనే నిద్రలో వచ్చే స్పైక్స్‌ని పెంచుతాయి. బయటికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు ఫిట్స్ లెక్కపెడుతుంటారు కాబట్టి, అవి ఆగాయంటే జబ్బు తగ్గిందనే అనుకుంటారు.

రాత్రి ఈఈజీ

నిద్రలో స్పైక్స్ పెరిగి మాట పోయే ఈ జబ్బుని పగలు మెలకువలో తీసిన ఈఈజీ పట్టదు. వాణ్ణి ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచి వీడియోతో పాటు ఈఈజీ తీశాం. తలకి నూనె రాయకుండా తీసుకురమ్మని చెబితే నాన్నమ్మ షాంపూతో రెండుసార్లు రుద్ది తెచ్చింది. తల నిండా వైర్లు అతికించడానికి గంట పట్టింది. తొమ్మిదిన్నరకి నిద్రపోయాడు.

మెలకువలో అక్కడక్కడ, ఎక్కువగా ఎడమవైపు, స్పైక్స్ వచ్చాయి. కునుకు పట్టిన కొద్ది నిమిషాల్లో తెర మొత్తం మారిపోయింది. సెకనుకి ఒకటి రెండు చొప్పున స్పైక్, దాని వెనక ఒక నెమ్మది అల, మళ్ళీ స్పైక్, మళ్ళీ అల, ఎడమ కణత నుంచి మొదలై రెండు వైపులా పాకుతూ, ఆగకుండా. గాఢ నిద్రలో వంద సెకన్లు తీసుకుని లెక్కపెడితే 88 సెకన్లలో ఇవే ఉన్నాయి. దీన్ని స్పైక్ వేవ్ ఇండెక్స్ అంటాం. కలల నిద్రలోకి వెళ్ళగానే చాలావరకు సద్దుమణిగాయి, గాఢ నిద్ర రాగానే మళ్ళీ మొదలు. ఇదంతా జరుగుతున్నప్పుడు వీడియోలో చిన్నోడు అమ్మ చెయ్యి పట్టుకుని ప్రశాంతంగా నిద్రపోతున్నాడు. ఒక్క వేలు కూడా అదరలేదు. పక్కనే పడుకున్న తల్లి ఏ రాత్రీ దీన్ని కనిపెట్టగలిగేది కాదు.

1957లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో లాండౌ, క్లెఫ్నర్ అనే ఇద్దరు, బాగా మాట్లాడుతూ ఉండి మాట పోగొట్టుకున్న, ఫిట్స్ ఉన్న పిల్లల గురించి రాశారు. 1971లో పాట్రీ, ల్యగూబి, టస్సినారి నిద్రలో మాత్రమే ఇలా కరెంటు తుఫాను రేగే పిల్లల్ని వర్ణించారు. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవని తర్వాత తెలిసింది. అంతర్జాతీయ మూర్ఛ సంఘం 2022 వర్గీకరణలో వీటన్నిటినీ నిద్రలో స్పైక్ వేవ్ పెరిగి మెదడు పనిని దెబ్బతీసే ఎపిలెప్సీలు అనే ఒకే గొడుగు కిందికి తెచ్చింది. పాత లెక్కలో ఇండెక్స్ 85 శాతం దాటితేనే ఈ జబ్బు అనేవాళ్ళు. ఇప్పుడు 50 శాతం దాటి, పిల్లవాడి మాటో, చదువో, నడవడికో వెనక్కి పోతుంటే చాలు. నా దృష్టిలో అంకె కన్నా ఆ రెండో భాగమే ముఖ్యం. ఇండెక్స్ 45 ఉండి మాట జారిపోతున్న పిల్లవాణ్ణి ఇంకో ఐదు శాతం కోసం ఆపి ఉంచలేం.

నిద్రలో స్పైక్స్ వస్తే పగలు మాట ఎందుకు పోవాలి? నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఆయన రైతు కాబట్టి పొలం లెక్కలో చెప్పాను. పగలంతా మెదడు కొత్త సంగతులు నేర్చుకుంటూ నరాల మధ్య లంకెలు మొలిపిస్తూ పోతుంది. రాత్రి గాఢ నిద్రలో వచ్చే నెమ్మది అలలు కలుపు తీసే కూలీల్లాంటివి. పనికిరానివి పలచబరిచి, పనికొచ్చేవి నిలబెడతాయి. అందుకే మామూలు పిల్లల్లో ఆ అలల వాడి తెల్లవారే సరికి తగ్గుతుంది. ఈ జబ్బున్న పిల్లల్లో అలా తగ్గడం లేదని జ్యూరిక్ పరిశోధకులు 2011లో చూపించారు. రాత్రుళ్ళు కలుపుతీత జరగని చేను నెలల తరబడి ఎలా ఉంటుందో ఆయనకి నేను విడిగా చెప్పక్కర్లేకపోయింది. చిన్నోడికి స్పైక్స్ పుడుతున్న చోటు మాటల్ని విని అర్థం చేసుకునే భాగానికి ఆనుకునే ఉంది. అందుకే అన్నిటికన్నా ముందు మాట పోయింది.

మా స్పీచ్ థెరపిస్టు బొమ్మల జంటలతో పరీక్షించింది. బడి, గుడి బొమ్మలు ముందు పెట్టి, నోరు కనబడకుండా కాగితం అడ్డం పెట్టుకుని "గుడి చూపించు" అంది. చెట్టు, జుట్టు. పిల్లి, పులి. పది జంటల్లో నాలుగు సరిగ్గా చూపించాడు. అంటే కళ్ళు మూసుకుని వేలు పెట్టినట్టే. అదే కుక్క అరుపు, కుక్కర్ విజిల్, బండి హారన్ రికార్డు చేసి వినిపిస్తే పదికి తొమ్మిది బొమ్మలు సరిగ్గా చూపించాడు. వాడు మొండివాడూ కాదు, చెవిటివాడూ కాదని ఆ సాయంత్రం అమ్మకి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. పలకడం లేదని ఎన్నిసార్లు కొట్టిందో అదే పదే పదే చెప్పుకుంది.

నేను సరిగ్గా అడగని ప్రశ్న

ఎమ్మారైలో ఏ మచ్చా లేదు. మచ్చ లేనప్పుడు జన్యువుల వైపు చూడాలి. మొదటి రోజే నేను "ఇంట్లో ఇంకెవరికైనా ఫిట్స్ ఉన్నాయా?" అని అడిగాను. లేవన్నారు. నేను కాగితం మీద లేవు అని రాసుకుని ముందుకి వెళ్ళిపోయాను. మూడోసారి వచ్చినప్పుడు నాన్నమ్మ తనంతట తానే అంది: "డాక్టరమ్మా, వీడి నాయనకీ చిన్నప్పుడు తెల్లారగట్ట మూతి వంకర పోయేది. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. పదేళ్ళకి అదే పోయింది."

ఉన్నాయా అని అడిగాను గానీ, ఎప్పుడైనా వచ్చాయా అని అడగలేదు. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ రెండూ అడుగుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళని ముందు అడుగుతున్నాను, ఎందుకంటే తన మూడేళ్ళ వయసు ఎవరికీ గుర్తుండదు, తల్లికే గుర్తుంటుంది. అప్పుడు నాన్న మాట మీద దృష్టి పెట్టాను. మూడుసార్లు విన్నా పట్టించుకోలేదు. ముక్కుతో మాట్లాడినట్టు, నెమ్మదిగా, పొడుగు పదాలు తడబడుతూ. ఊళ్ళో ఆయన్ని నత్తోడు అంటారట.

జన్యువుల్ని చదివే ఎగ్జోమ్ పరీక్ష రిపోర్టు ఐదు వారాలకి వచ్చింది. 16వ క్రోమోజోము మీదున్న గ్రిన్2ఎ జన్యువులో, ప్రొటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోయే మార్పు. తర్వాత అమ్మానాన్నల రక్తం పరీక్షిస్తే అదే మార్పు నాన్నలో ఉంది.

ఈ జన్యువు ఎన్ఎండీఏ గ్రాహకంలో ఒక భాగాన్ని తయారుచేస్తుంది. నరాల కణాల మీద ఉండే ఈ తూముల గుండానే నేర్చుకోవడానికి కావలసిన సంకేతాలు లోపలికి పోతాయి. పుట్టిన తర్వాత మొదటి కొన్నేళ్ళలో ఈ భాగం తయారీ బాగా పెరుగుతుంది. జబ్బు పుట్టగానే కాకుండా మూడు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఎందుకు బయటపడుతుందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. 2013లో ఒకేసారి మూడు పరిశోధక బృందాలు నేచర్ జెనెటిక్స్‌లో ఈ జన్యువుకీ మూర్ఛతో మాట పోయే జబ్బులకీ ఉన్న సంబంధాన్ని ప్రచురించాయి. అదే జన్యువు ఒక కుటుంబంలోనే ఒకరికి తేలికపాటి రొలాండిక్ ఫిట్స్‌గా, ఇంకొకరికి మాట స్పష్టత లేకపోవడంగా, మరొకరికి చిన్నోడిలా పూర్తి జబ్బుగా కనిపించవచ్చు.

అమ్మానాన్నలది మేనరికం. నాన్న, అమ్మకి మేనత్త కొడుకు. రెండేళ్ళుగా బంధువులంతా మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందని అమ్మని పొడుస్తున్నారు. మేనరికం వల్ల పెరిగే జబ్బులు నిజంగానే ఉన్నాయి. ఇద్దరి నుంచీ చెడు కాపీ ఒక్కొక్కటి వస్తేనే బయటపడే రకం అవి. ఇది ఆ కోవలోకి రాదు. దీనికి ఒక్క కాపీ చాలు, అది నాన్న నుంచి వచ్చింది, ఆయన ఎవరిని చేసుకున్నా ప్రతి బిడ్డకీ ఆ కాపీ వచ్చే అవకాశం సగానికి సగం ఉండేది. ఈ మాట నాన్నమ్మ ఉండగానే చెప్పాను, ఆమె వినాలనే.

నాన్న చాలాసేపు రిపోర్టు వంకే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు: "నా మాట కూడా దీనివల్లేనా మేడమ్?" అయ్యుండొచ్చు అన్నాను. మీ తప్పు కాదు, మీ అమ్మ తప్పూ కాదు అన్నాను. పదో తరగతిలో చదువు మానేశాడట, గట్టిగా పాఠం చదవమన్నప్పుడల్లా క్లాసంతా నవ్వేవారని.

చిన్నోడికి రెండేళ్ళ చెల్లెలు ఉంది. దానికీ పరీక్ష చేయమన్నారు. వద్దన్నాను. లక్షణాలు లేని బిడ్డలో మార్పు ఉందని తేలినా ముందుగా ఇచ్చే మందేమీ లేదు, జబ్బు ఎంత తీవ్రంగా వస్తుందో రిపోర్టు చెప్పదు, ఇంట్లో టెన్షన్ మాత్రం ఇవాళ్టి నుంచే మొదలవుతుంది. మాట ఎలా వస్తుందో కనిపెట్టుకుని ఉండండి, నిద్రలో ఏ తేడా కనిపించినా, వచ్చిన మాట ఒక్కటి పోయినా వెంటనే తీసుకురండి అన్నాను. ఇందులో నాతో ఏకీభవించని డాక్టర్లు ఉంటారని తెలుసు.

వైద్యం

ఆక్స్‌కార్బజెపైన్‌ని మూడు వారాల్లో మెల్లగా తగ్గించి ఆపేశాం. రాత్రిపూట క్లోబజామ్ అనే ఫిట్స్ మందుని 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచాం. దాంతోపాటు స్టెరాయిడ్ ఇవ్వాలని నిర్ణయించాను.

స్టెరాయిడా, క్లోబజామా అన్న ప్రశ్నకి యూరప్‌లో జరిగిన రెస్క్యూ ఈసెస్ అధ్యయనం సమాధానం చెబుతుందని మేమంతా ఎదురుచూశాం. అది లాన్సెట్ న్యూరాలజీలో వచ్చింది. అరుదైన జబ్బు కావడంతో అనుకున్నంతమంది పిల్లలు దొరక్క 45 మందితోనే ముగిసింది. ఫలితం కొలవగలిగినవాళ్ళలో, స్టెరాయిడ్ తీసుకున్న 20 మందిలో ఐదుగురికి ఐక్యూ గుర్తించదగినంత పెరిగింది, క్లోబజామ్ తీసుకున్న 18 మందిలో ఒక్కరికీ పెరగలేదు. ఇతర కొలతల్లో మాత్రం రెండింటికీ తేడా తేలలేదు. చిన్న అధ్యయనం, దాన్ని పట్టుకుని తీర్పు చెప్పలేం. నెలనెలా మాట కోల్పోతున్న పిల్లవాడి విషయంలో స్టెరాయిడ్ వైపు మొగ్గడానికి నాకు అది సరిపోయింది.

స్టెరాయిడ్ అనగానే నాన్నమ్మ భయపడింది. ఆ భయంలో నిజం ఉంది కాబట్టి తీసిపారేయలేదు. మొదలుపెట్టేముందు టీబీ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, షుగర్, బీపీ చూశాం, నులిపురుగుల మందు వేశాం. మన ప్రాంతంలో మెదడులో పురుగు తిత్తులు ఉండే అవకాశం ఉంటుంది, అవి లేవని ఎమ్మారై ముందే తేల్చింది. ఇంటి చుట్టుపక్కల ఎవరికి అమ్మవారు పోసినా వెంటనే ఫోన్ చెయ్యాలని చెప్పాం. తర్వాత కిలోకి 20 మిల్లీగ్రాముల లెక్కన మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 380 మిల్లీగ్రాములు, రోజుకొకసారి మూడు రోజులు సెలైన్‌లో ఎక్కించాం. నాలుగు వారాలకొకసారి ఇలా ఆరుసార్లు. రోజూ మాత్రలు వేసేకన్నా ఇలా ఇస్తే మొహం ఉబ్బడం, ఎదుగుదల ఆగడం తక్కువ. ఆ మూడు రోజులూ మాత్రం చిరాకు పడేవాడు, రాత్రి రెండింటికి లేచి పెరుగన్నం అడిగేవాడు. ఒకసారి బీపీ పెరిగి ఒక రోజు ఎక్కువ ఉంచుకోవాల్సి వచ్చింది. ఆరు నెలల్లో బరువు 22.5 కిలోలకి చేరింది.

మందులతో పాటు ఇంకో పని అప్పగించాను. ఒక నోటుబుక్కు కొనుక్కుని, చిన్నోడు ఆ రోజు అన్న అన్నిటికన్నా పొడుగు మాటని అన్నది అన్నట్టుగా రాయమని అమ్మకి చెప్పాను. దిద్దొద్దు, అర్థం రాయొద్దు.

రెండో విడత స్టెరాయిడ్ అయిన మూడో వారం, పెరట్లో ఆడుకుంటూ ఉండగా వంటింట్లోంచి అమ్మ ఎవరితోనో "బాబాయి వచ్చాడు" అందట. పరుగున వాకిట్లోకి వెళ్ళాడు. మొహం చూడకుండా మాట విని కదలడం ఏడాదిలో అదే మొదటిసారి. ఆ రోజు పేజీలో అమ్మ ఆ సంగతి రాసి చుట్టూ గీత గీసింది. మూడు నెలలకి రాత్రి ఈఈజీలో ఇండెక్స్ 41, ఆరు నెలలకి 14. నోటుబుక్కులో మాటలు ముందు రెండేసి పదాలుగా, "నాన్న బండి", "బడికి పోను", తర్వాత "నేను అన్నం తిన్నాను" దాకా పెరిగాయి.

తెలుగు ఈ పనికి అనువైన భాష. మన క్రియ చివర ఎవరు, ఎప్పుడు అన్నవి అంటుకుని ఉంటాయి, పేరు చివర కి, లో, తో అంటుకుంటాయి. చిన్నోడిలో మొదట రాలిపోయినవి ఈ తోకలే. స్టెరాయిడ్ ఆపిన నాలుగో నెలలో అమ్మ ఫోన్ చేసి, "మేడమ్, మాటలు అన్నీ ఉన్నాయి గానీ ఏదో తేడాగా ఉంది" అంది. పేజీలు ఫొటో తీసి పంపమన్నాను. "బడికి వెళ్తున్నాను" అని రాసి ఉన్న చోట పది రోజులుగా "బడి వెళ్ళు" అని ఉంది. ఫిట్ ఒక్కటీ రాలేదు. మర్నాడే రాత్రి ఈఈజీ తీయించాం. ఇండెక్స్ 62.

ఇలా తిరగబెట్టడం ఈ జబ్బులో మామూలే. ఈసారి పదం పోకముందే పట్టుకోగలిగాం. మళ్ళీ నాలుగు విడతలు ఇచ్చాం, విడతల మధ్య దూరం మెల్లగా పెంచాం. ఇండెక్స్ 20 లోపుకి వచ్చింది.

ఇదే సమయంలో నాన్న ఇంటర్నెట్లో చూసి రెండు మందుల పేర్లు తెచ్చాడు, మెమాంటిన్, ఎల్-సెరీన్. గ్రిన్2ఎలో కొన్ని మార్పులు తూముని అతిగా తెరుస్తాయి, కొన్ని అసలు తూమే లేకుండా చేస్తాయి. మెమాంటిన్ తూముని మూసే మందు. ఇప్పటికే తూములు తక్కువైన చిన్నోడికి అది ఇవ్వకూడదు. జన్యువు పేరు ఒకటే అయినంత మాత్రాన మందు ఒకటి కాదు. ఎల్-సెరీన్ చిన్నోడి లాంటి మార్పులున్న కొద్దిమంది పిల్లల్లో మేలు చేసినట్టు 2022లో వచ్చింది. అది వినడానికి ఆశగా ఉన్నా, పోల్చిచూసే గుంపు లేని చిన్న అనుభవం. ఇప్పుడున్న వైద్యం పనిచేస్తుండగా రెండోది కలిపితే దేనివల్ల ఏం జరిగిందో తెలియదని చెప్పి ప్రస్తుతానికి పక్కన పెట్టాం.

ఇప్పుడు

చిన్నోడికి ఎనిమిదేళ్ళు నిండాయి. ఫిట్స్ లేవు. బొమ్మల జంటల పరీక్షలో పదికి తొమ్మిది వస్తున్నాయి. వాక్యాల్లో మాట్లాడుతున్నాడు. మాట ఇంకా ముద్దగానే ఉంది, అది స్పైక్స్ తగ్గినా పూర్తిగా పోకపోవచ్చని ముందే చెప్పాను, గ్రిన్2ఎలో అది ఎక్కువమందిలో మిగిలిపోతుంది. గుణింతాలు కష్టంగా ఉన్నాయి, చెప్పి రాయిస్తే వెనకబడతాడు, చూసి రాస్తే బాగా రాస్తాడు. రెండో తరగతి టీచరు మంచి మనిషి. మొదటి వరసలో కూర్చోబెట్టి, చెప్పే ప్రతిదీ బోర్డు మీద కూడా రాస్తోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో మాట, భాషకి సంబంధించిన వైకల్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది రెండూ ఉన్నాయి. సర్టిఫికెట్ కోసం కాగితాలు పెట్టించాం, పరీక్షల్లో అదనపు సమయం అడగడానికి పై తరగతుల్లో అది అవసరమవుతుంది.

సాధారణంగా యవ్వనం వచ్చేసరికి ఈఈజీ బాగవుతుంది. అప్పటికి ఎంత మాట, ఎంత చదువు మిగిలి ఉంటాయన్నది స్పైక్స్ ఎన్నేళ్ళు సాగాయన్న దాన్నిబట్టి చాలావరకు ఉంటుంది. చిన్నోడికి మాట తగ్గడం మొదలైన ఎనిమిది నెలలకి రాత్రి ఈఈజీ జరిగింది. నా దగ్గరకి మూడేళ్ళు ఆలస్యంగా వచ్చిన పిల్లలూ ఉన్నారు.

పోయిన నెల వచ్చినప్పుడు నాన్న కూడా తన పేరు మీద ఓపీ చీటీ రాయించుకున్నాడు, మా స్పీచ్ థెరపిస్టు కోసం. ఇప్పుడు ఇద్దరూ ఒకే రోజు వస్తున్నారు. చిన్నోడి తర్వాతి రాత్రి ఈఈజీ వేసవి సెలవుల మొదటి వారంలో పెట్టాం. అది బాగుంటే క్లోబజామ్ తగ్గించడం మొదలుపెడతాం. నోటుబుక్కు నాలుగోది నడుస్తోంది. చివరి పేజీలో ఉన్న మాట: "నాన్నమ్మా, నాకు తలకి నూనె రాయకు, డాక్టరమ్మ తిడుతుంది."